లాయర్ ప్రాక్టీసుతో పాటు నేవీ రిజర్వ్, లైబ్రరీ బోర్డు, ఊరి బడికి చారిటీ: పాతికేళ్లు సాగాలంటే ఏమేం చూసుకోవాలి?

వంశధార

అందరికీ నమస్కారం. వర్జీనియాలో నార్‌ఫోక్ దగ్గర చిన్న ఫర్మ్‌లో అసోసియేట్‌ని, రెండేళ్లలో పార్ట్‌నర్‌ని చేస్తామంటున్నారు. జేడీ (అమెరికా లా డిగ్రీ) ఇక్కడే చేశాను. పౌరసత్వం వచ్చింది, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు భారత్ ఇచ్చేది) ఉంది. వయసు 34.

మూడు పనులు చేయాలని ఉంది. ఒకటి, నేవీ రిజర్వ్‌లో లాయర్‌గా చేరడం. రెండు, మా ఊరి లైబ్రరీ బోర్డులో సభ్యత్వం, ఇప్పటికే అడుగుతున్నారు. మూడు, శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి హైస్కూలుకు ఏటా కొంత డబ్బు పంపే చిన్న చారిటీ. రెండేళ్ల ముచ్చటగా కాకుండా రిటైరయ్యేదాకా చేయాలని ఆలోచన.

తెలుసుకోవాలనుకుంటున్నవి: నేవీకి నిజంగా ఎంత సమయం పోతుంది, పెన్షన్ లెక్క ఎలా, ఫర్మ్‌తో ఎక్కడ తేడా వస్తుంది, ఈ మూడూ ఒకదానికొకటి ఎక్కడ అడ్డు తగులుతాయి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

లంగరు

వంశధార గారూ, ముందు ప్రవేశం సంగతి. నేవీలో లాయర్ల విభాగమైన జాగ్ కోర్‌కు అమెరికా పౌరసత్వం, అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న లా స్కూల్లో జేడీ, ఏదో ఒక రాష్ట్రంలో చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. మీకు మూడూ ఉన్నాయి. మనవాళ్లలో చాలామంది ఇండియాలో ఎల్‌ఎల్‌బీ చేసి, ఇక్కడ ఎల్‌ఎల్‌ఎం చేసి, న్యూయార్క్ బార్ రాసి ప్రాక్టీసు చేస్తుంటారు. వాళ్లు ప్రాక్టీసుకు అర్హులే గానీ జాగ్‌కు ఆ దారి సరిపోదు. వాళ్లకు ఇంటెలిజెన్స్, సప్లై లాంటి శాఖల్లో డైరెక్ట్ కమిషన్ (నేరుగా ఆఫీసర్‌గా చేర్చుకోవడం) అనే వేరే తలుపు ఉంది. డిగ్రీ, పౌరసత్వం, సెక్యూరిటీ క్లియరెన్సు చాలు, కాకపోతే ఎంపిక బోర్డులో పోటీ గట్టిగా ఉంటుంది.

రిజర్వ్ జాగ్‌లో ఎక్కువమంది యాక్టివ్ డ్యూటీ (పూర్తికాల సైనిక సేవ) చేసి బయటికొచ్చినవాళ్లే. బయటి లాయర్లకు నేరుగా ఇచ్చే సీట్లు తక్కువ. మామూలు రిక్రూటర్ దగ్గర సమయం పోగొట్టుకోకుండా జాగ్ కోర్ నియామక విభాగాన్నే అడగండి. ఎంపికైతే శిక్షణ రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్‌లో. ఆఫీసర్ శిక్షణ అక్కడే, నేవల్ జస్టిస్ స్కూలూ అక్కడే. మొదటిసారి చేరేవారికి మొత్తం సైనిక బాధ్యత 8 ఏళ్లు, ఇది మర్చిపోవద్దు.

సమయం: నెలకు ఒక వారాంతం, ఏడాదికి సుమారు రెండు వారాల వార్షిక శిక్షణ. కాగితం మీద లెక్క ఇంతే. ఒక డ్రిల్ అంటే కనీసం నాలుగు గంటలు. వారాంతంలో నాలుగు డ్రిల్లులు, ఏడాదికి 48. ఒక్కో డ్రిల్‌కు నెల మూల వేతనంలో ముప్ఫయ్యో వంతు ఇస్తారు, అంటే రెండు రోజుల పనికి నాలుగు రోజుల జీతం. కాగితం మీద లేనిది ఇంకోటుంది: ఏడాదికోసారి వైద్య పరీక్ష, పంటి పరీక్ష, ఫిట్‌నెస్ పరీక్ష, ఆన్‌లైన్ శిక్షణలు. వీటిలో ఏది గడువు దాటినా వార్షిక శిక్షణ ఆర్డర్లు ఆగిపోతాయి. ఇవన్నీ వారం మధ్యలో సాయంత్రాలు తినేస్తాయి, అందుకని నెలకు మూడు నాలుగు సాయంత్రాలు అదనంగా వేసుకోండి.

ఇక పెన్షన్. రిజర్వ్‌లో అంతా పాయింట్ల మీద నడుస్తుంది. డ్రిల్‌కు 1, యాక్టివ్ డ్యూటీ రోజుకు 1, సభ్యుడిగా ఉన్నందుకే ఏడాదికి 15. ఏడాదిలో 50 పాయింట్లు వస్తేనే ఆ ఏడాది పెన్షన్‌ లెక్కలోకి వస్తుంది. అలాంటివి 20 ఏళ్లు కావాలి. 48 డ్రిల్లులు, 15 సభ్యత్వ పాయింట్లు, 12 రోజుల శిక్షణ కలిపితే 75. కాబట్టి మామూలుగా హాజరైతే 50 దాటడం కష్టం కాదు.

దెబ్బ తగిలేది ఎక్కడంటే, డ్రిల్లుల కోటా అక్టోబరులో మొదలయ్యే ప్రభుత్వ ఆర్థిక సంవత్సరంతో నడుస్తుంది, 50 పాయింట్ల లెక్క మాత్రం మీరు చేరిన తేదీతో మొదలయ్యే మీ సొంత వార్షిక సంవత్సరంతో నడుస్తుంది. మార్చి 10న చేరారనుకోండి, మీ ఏడాది మార్చి 10 నుంచి మార్చి 9 దాకా. పెద్ద కేసు ట్రయల్ ఉందని శీతాకాలం డ్రిల్లులు వాయిదా వేసుకుని, వార్షిక శిక్షణను ఏప్రిల్‌కి జరిపితే, ఆర్థిక సంవత్సరం లెక్కలో అంతా పూర్తయినట్టే కనబడుతుంది. మీ వార్షిక సంవత్సరంలో మాత్రం 47 దగ్గర ఆగిపోవచ్చు. అలా పోయిన ఏడాదిని వెనక్కి తెచ్చుకోలేరు. ఆ పాయింట్లు మొత్తంలో కలుస్తాయి గానీ ఇరవై ఏళ్ల లెక్కలో ఆ ఏడాది రాదు. అందుకని వార్షిక తేదీకి మూడు నెలల ముందే ఎన్ని పాయింట్లు ఉన్నాయో చూసుకోండి. ఆ తేదీ దాటాక నేవీ సిబ్బంది వెబ్‌సైట్ అయిన ఎన్‌సిప్స్‌లో వార్షిక సేవా పత్రం, ఆసోష్ అంటారు, దించుకుని ప్రతి డ్రిల్ పడిందో లేదో సరిచూడండి. పదిహేనేళ్ల కిందటి డ్రిల్ ఎక్కలేదని తర్వాత నిరూపించాలంటే మీ దగ్గరున్న హాజరు కాగితం, జీతం స్లిప్పు తప్ప వేరే ఆధారం దొరకదు.

పెన్షన్ ఎంత? మొత్తం పాయింట్లను 360తో భాగించండి, అది ఏళ్లలోకి మారుతుంది. 25 ఏళ్లలో 1950 పాయింట్లు వచ్చాయనుకుందాం. భాగిస్తే 5.42 ఏళ్లు. మీరు 2018 జనవరి 1 తర్వాత చేరతారు గనక కొత్త మిశ్రమ పద్ధతి, ఏడాదికి 2 శాతం. అంటే అత్యధిక మూడేళ్ల మూల వేతన సగటులో దాదాపు 10.8 శాతం. పాతవాళ్లకు 2.5 శాతం ఉండేది. తగ్గినదానికి బదులుగా టీఎస్‌పీ అనే పొదుపు ఖాతాలో ప్రభుత్వం 1 శాతం తానే వేస్తుంది, రెండేళ్ల సర్వీసు తర్వాత మీరు 5 శాతం వేస్తే ఇంకో 4 శాతం కలుపుతుంది. మొదటి నుంచీ 5 శాతం వేయకపోతే కొత్త పద్ధతిలో లాభమే లేదు.

పెన్షన్ చేతికందేది 60 ఏళ్లకు. 2008 జనవరి 28 తర్వాత చేసిన అర్హమైన యాక్టివ్ డ్యూటీ ప్రతి 90 రోజులకు మూడు నెలలు ముందుకొస్తుంది. ఆరోగ్య సదుపాయం మాత్రం 60కే.

మరో గడువు ఉంది, లాయర్లే దాటేస్తుంటారు. ఇరవై ఏళ్లు నిండాక అర్హత పత్రం వస్తుంది. అది అందిన 90 రోజుల్లో జీవిత భాగస్వామికి కుటుంబ పెన్షన్ కావాలో వద్దో ఎంచుకోవాలి. పెళ్లయినవారు ఏమీ చెప్పకపోతే పూర్తి కవరేజీ దానంతటదే పడుతుంది, తర్వాత దాని ప్రీమియం పెన్షన్‌లోంచి కోస్తారు. వద్దనుకున్నా, తగ్గించుకోవాలన్నా భాగస్వామి సంతకం ఉండాలి.

గోదారి_ప్లీడర్

లంగరు గారు నేవీ వైపు చెప్పారు, నేను ఫర్మ్ వైపు చెబుతాను. అసలు చిక్కంతా పార్ట్‌నర్ అయిన రోజున మొదలవుతుంది.

అసోసియేట్‌గా ఉన్నంతకాలం మీకు 1994 నాటి యుసెరా చట్టం రక్ష. ఫర్మ్‌లో ఇద్దరే ఉన్నా వర్తిస్తుంది. సైనిక విధికి వెళ్తే ఉద్యోగం తిరిగివ్వాలి, మధ్యలో వచ్చే ఇంక్రిమెంట్లు, సీనియారిటీ లెక్కలో ఉండాలి. మీ వైపు నుంచి కావలసినవి ముందస్తు సమాచారం, సకాలంలో తిరిగి రావడం. 30 రోజుల లోపు విధి అయితే ప్రయాణం, ఎనిమిది గంటల విశ్రాంతి పోను తర్వాతి పనిదినానికే హాజరు కావాలి. 31 నుంచి 180 రోజులైతే 14 రోజుల్లో, అంతకు మించితే 90 రోజుల్లో తిరిగి వస్తానని దరఖాస్తు చేసుకోవాలి. ఒకే యజమాని దగ్గర మొత్తం ఐదేళ్ల పరిమితి ఉంది, నెలవారీ డ్రిల్లులు, వార్షిక శిక్షణ అందులోకి రావు. సమాచారం నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుంది గానీ ఈమెయిల్ పెట్టండి, డ్రిల్ తేదీల ఏడాది క్యాలెండరు అక్టోబరులోనే అందరికీ పంపండి.

పార్ట్‌నర్ అయితే? నిజమైన వాటాదారు ఉద్యోగి కాదు, యజమాని. యుసెరా ఆ మనిషికి వర్తించదు. ఏడాది పాటు పిలుపు వస్తే వాటా ఎంత, క్లయింట్లు ఎవరికి, తిరిగొచ్చాక ఓటు హక్కు ఏమిటన్నది మీ పార్ట్‌నర్‌షిప్ ఒప్పందంలో ఉన్నదే చట్టం. సంతకం పెట్టేముందే సైనిక విధి క్లాజు రాయించుకోండి. లేనినాటి వాటా ఎలా లెక్కిస్తారు, ఇన్సూరెన్స్ ప్రీమియం ఎవరు కడతారు, మీ కేసులు ఎవరి పేర కోర్టులో ఎక్కిస్తారు, ఈ మూడూ అంకెలతో, పేర్లతో ఉండాలి. "పరస్పర అంగీకారంతో నిర్ణయిస్తాం" అన్న వాక్యం ఉంటే ఆ క్లాజు ఉన్నా లేనట్టే.

కోర్టు వాయిదాల విషయంలో ఒక అపోహ ఉంది. సైనికుల పౌర రక్షణ చట్టం, ఎస్‌సీఆర్‌ఏ, కేసులో కక్షిదారుగా ఉన్న సైనికుడికి కనీసం 90 రోజుల స్టే ఇప్పిస్తుంది. లాయర్ సైన్యంలో ఉన్నాడని ఆ చట్టం కింద స్టే రాదు. కాబట్టి ప్రతి పెద్ద కేసులోనూ రెండో లాయర్ పేరు మొదటి రోజు నుంచే రికార్డులో ఉండాలి.

ఇప్పుడు చాలామందికి తట్టని విషయం. అమెరికా రాజ్యాంగంలోని ఎమాల్యుమెంట్స్ క్లాజ్ ప్రకారం ప్రభుత్వ పదవిలో ఉన్నవారు విదేశీ ప్రభుత్వం నుంచి ప్రతిఫలం పుచ్చుకోకూడదు. రిజర్వ్ సభ్యులకు అనుమతితో వెసులుబాటు ఇచ్చేది అమెరికా ఫెడరల్ చట్టాల కోడ్ టైటిల్ 37లోని సెక్షన్ 908. అనుమతి ఇటు నేవీ నుంచీ, అటు విదేశాంగ శాఖ నుంచీ ముందే రావాలి. మీ ఫర్మ్‌కు భారత రాయబార కార్యాలయమో, ప్రభుత్వ రంగ బ్యాంకో క్లయింట్‌గా ఉందనుకోండి. ఆ ఫైలు మీరు ముట్టుకోకపోయినా, పార్ట్‌నర్‌గా లాభంలో వాటా తీసుకుంటే ఆ ఫీజులో మీ భాగం కూడా అందులో ఉన్నట్టే. తెలుగు లాయర్లున్న ఫర్మ్‌లకు ఇలాంటి క్లయింట్లు రావడం వింతేమీ కాదు. అనుమతి తీసుకోవాలి, లేదా ఆ ఫీజును మీ వాటా లెక్కలోంచి విడదీయాలి. అసోసియేట్‌గా స్థిర జీతం తీసుకుంటున్నప్పుడు ఈ వాటా ప్రశ్న రాదు.

ఫెడరల్ ప్రభుత్వం మీద కేసులు వేసే ప్రాక్టీసు మీదైతే టైటిల్ 18లోని సెక్షన్లు 203, 205 చదవండి. శిక్షణ కోసం యాక్టివ్ డ్యూటీలో ఉన్న రిజర్వ్ ఆఫీసర్‌ను ప్రత్యేక ప్రభుత్వోద్యోగిగా లెక్కిస్తారు. అధికారిగా మీరు స్వయంగా పనిచేసిన విషయంలో ప్రైవేటుగా ఎదుటి పక్షాన నిలబడలేరు. గడిచిన 365 రోజుల్లో 60 రోజులు దాటి సేవ చేస్తే నిషేధం మీ శాఖలో పెండింగ్‌లో ఉన్న విషయాలకూ విస్తరిస్తుంది. అందుకని విధి రోజుల లెక్క ఫర్మ్‌లో కాన్‌ఫ్లిక్ట్స్ చూసేవాళ్ల దగ్గర కూడా ఉండాలి.

లంగరు

గోదారి_ప్లీడర్ గారు చెప్పినదానికి తోడు, డ్రిల్ వారాంతాల్లో మీరు చేసే పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. యూనిట్‌ను బట్టి మారుతుంది గానీ సముద్రం మీదికి వెళ్లబోయే నావికులకు వీలునామాలు, పవర్ ఆఫ్ అటార్నీలు రాసివ్వడం అందులో మామూలు. చిన్న పనిలా కనబడుతుంది, కానీ జరిగే నష్టాలన్నీ ఇక్కడే.

సైనిక బీమా ఎస్‌జీఎల్‌ఐ ఇప్పుడు 5 లక్షల డాలర్లు. అది వీలునామా ప్రకారం పోదు, బీమా రికార్డులో నామినీగా ఎవరి పేరుంటే వాళ్లకే పోతుంది. విడాకులైన మాజీ భార్య పేరు అలాగే ఉండిపోవడం, మైనర్ పిల్లల పేరు నేరుగా రాయడం, ఈ రెండూ తరచూ కనిపిస్తాయి. మైనర్ పేరుంటే కోర్టు సంరక్షకుణ్ణి పెట్టేదాకా డబ్బు కదలదు. వీలునామా మొదలుపెట్టేముందు నామినీ పేజీ ముద్రించుకు రమ్మనండి.

పవర్ ఆఫ్ అటార్నీ అయితే సాధారణ అధికారం కాకుండా ప్రత్యేక అధికారం రాయండి. కారు అమ్మడానికో, ఇల్లు అద్దెకివ్వడానికో ఒకే పని, దానికి ముగింపు తేదీ. గడువు లేని సాధారణ అధికారం ఇచ్చి వెళ్లినవాడి బ్యాంకు ఖాతా తిరిగొచ్చేసరికి ఖాళీ అయితే క్రిమినల్ కేసు కూడా కష్టమే, అధికారం ఇచ్చింది అతనే గనక.

ఇంటి అద్దె రద్దు లెక్క బాగా గుర్తుపెట్టుకోండి. ఎస్‌సీఆర్‌ఏ కింద రాతపూర్వక నోటీసు, ఆర్డర్ల నకలు ఇచ్చాక, ఆ తర్వాత వచ్చే అద్దె తేదీ నుంచి 30 రోజులకు లీజు ముగుస్తుంది. జులై 10న నోటీసు ఇచ్చి, అద్దె ఒకటో తారీకున కట్టాల్సి ఉంటే, ఆగస్టు 1 నుంచి 30 రోజులు, అంటే ఆగస్టు 31. జులై 31న ఇచ్చినా అదే తేదీ. ఆగస్టు 2న ఇస్తే మాత్రం అక్టోబరు 1కి పోతుంది. రెండు రోజుల ఆలస్యానికి ఒక నెల అద్దె.

6 శాతం వడ్డీ పరిమితి సర్వీసులో చేరకముందు చేసిన అప్పులకే. సర్వీసు ముగిశాక 180 రోజుల్లోపు అప్పిచ్చినవారికి రాతపూర్వకంగా అడగాలి. మిగిలిన వడ్డీ వాయిదా పడేది కాదు, మాఫీ అయ్యేది. కొన్ని సంస్థలు దాన్ని చివర్లో కలిపేస్తాయి, స్టేట్‌మెంట్ చూడాలి.

ఒక కట్టుబాటు: డ్యూటీలో మీరు సలహా ఇచ్చిన నావికుడి అదే విషయాన్ని మీ ప్రైవేటు ఆఫీసులో ఫీజుకు తీసుకోకూడదు. కార్డు ఇవ్వడం కూడా వద్దు.

తుంగభద్ర

వంశధార గారూ, మీ ప్రశ్నలో ఓసీఐ అన్న మాట చదివి ఆగిపోయాను. దీని మీద ఎవరూ మాట్లాడలేదు గనక రాస్తున్నాను, ముందు తేలాల్సింది ఇదే.

భారత హోంశాఖ నిబంధన ప్రకారం విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికీ, పనిచేసి రిటైరైనవారికీ ఓసీఐ ఇవ్వరు. రిజర్వ్ అంటే నెలకు రెండు రోజులే కదా అని మనకు మనం అర్థం చెప్పుకోకండి. చేరకముందే కాన్సులేట్‌ను రాతపూర్వకంగా అడిగి, జవాబు దగ్గర పెట్టుకోండి. కార్డు వదులుకోవాల్సి వస్తే ఇకపై ఊరికి వెళ్లాలన్నా వీసా కావాలి. శ్రీకాకుళం బడి పని మీద ఏటా తిరగాలనుకునే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఊళ్లో పొలం, ఇల్లు వాటా మీ పేర ఉంటే, రాబోతుంటే, ఫెమా (భారత విదేశీ మారకద్రవ్య చట్టం) వైపు నుంచి కూడా ముందే సలహా తీసుకోండి.

రెండోది సెక్యూరిటీ క్లియరెన్సు. ఎస్‌ఎఫ్-86 ఫారంలో అమ్మానాన్నలు, తోబుట్టువులు ఏ దేశ పౌరులు, ఇండియాలోని ఎన్‌ఆర్‌ఓ ఖాతా, ఎల్‌ఐసీ పాలసీ, స్థలాలు, విదేశీ ప్రయాణాలు అన్నీ అడుగుతారు. ఇండియాలో చుట్టాలున్నందుకు తిరస్కరించరు, దాచినందుకు తిరస్కరిస్తారు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల నివేదిక అయిన ఎఫ్‌బార్ దాఖలు చేసి ఉండాలి. అమ్మతో జాయింటుగా ఉన్న బ్యాంకు ఖాతా కూడా ఇందులోకి వస్తుంది. ఫారంలో ఖాతా చూపించి ఎఫ్‌బార్ దాఖలు చేయకపోతే లాయర్‌గా మీకే ఇబ్బంది. క్లియరెన్సు వచ్చాక విదేశీ ప్రయాణం ముందే తెలియజేయాలి.

ఇక చారిటీ. మీ మనసు ఇక్కడ ఉన్నట్టుంది కాబట్టి వివరంగా రాస్తాను. దాతలకు అమెరికాలో పన్ను మినహాయింపు కావాలంటే ఇక్కడ 501సీ3 గుర్తింపున్న సంస్థకే ఇవ్వాలి. నేరుగా ఊళ్లోని ట్రస్టుకు ఇస్తే రాదు. వరుస ఇది: రాష్ట్రంలో లాభాపేక్ష లేని కార్పొరేషన్ నమోదు, పన్ను గుర్తింపు సంఖ్య, బైలాస్, ప్రయోజనాల ఘర్షణ విధానం, ఆ తర్వాత అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఫారం. మూడేళ్లలో ఏ ఏడాదీ రాబడి 50,000 డాలర్లు దాటదనీ, ఆస్తులు రెండున్నర లక్షలు దాటవనీ అనుకుంటే 1023-ఈజెడ్, ఫీజు 275 డాలర్లు. లేదంటే పూర్తి 1023, ఫీజు 600. సంస్థ పుట్టిన 27 నెలల్లోపు వేస్తే గుర్తింపు పుట్టిన తేదీ నుంచే వర్తిస్తుంది.

ప్రతి ఏడాదీ రిటర్ను వేయాలి. రాబడి మామూలుగా 50,000 లోపైతే 990-ఎన్, ఐదు నిమిషాల పని. వరుసగా మూడేళ్లు వేయకపోతే గుర్తింపు చట్టరీత్యా దానంతటదే రద్దవుతుంది. చిన్న తెలుగు సంఘాల చారిటీలు చాలా వరకు పోయేది ఇలాగే. కార్యదర్శి మారతాడు, పాత ఈమెయిల్‌కి వచ్చే గుర్తుచేసే సందేశం ఎవరికీ అందదు. గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదో నెల 15వ తేదీ. బోర్డు మినిట్స్‌లో ఏటా ఒక అంశంగా "రిటర్ను దాఖలైంది, రసీదు జతచేశాం" అని ఎక్కించండి.

మీ లాయర్ సమయానికి పన్ను మినహాయింపు ఉండదు. బయట గంటకు 400 డాలర్లు తీసుకునేవారైనా చారిటీకి ఉచితంగా చేసిన గంట విలువ సున్నా. చేతి ఖర్చులు, కారుకు మైలుకు 14 సెంట్లు చూపించుకోవచ్చు. 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన దాతకు రాతపూర్వక రసీదు ఇవ్వాలి, బదులుగా ఏమీ ఇవ్వలేదన్న వాక్యం అందులో ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేక మినహాయింపు పోయిన కేసులు ఉన్నాయి.

ఇండియా వైపు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ 2010. మీ 501సీ3 దాతలంతా భారత పౌరులే అయినా ఆ సంస్థ విదేశీ వనరే. ఓసీఐ ఉన్నా అమెరికా పౌరుడు ఇచ్చేది విదేశీ విరాళమే. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సొంత డబ్బు మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. కాబట్టి బడి పూర్వ విద్యార్థుల సంఘం ఖాతాలోకి మీరు నేరుగా వెయ్యి డాలర్లు వేస్తే చిక్కుల్లో పడేది మీరు కాదు, ఊళ్లో ఆ ఖాతా మీద సంతకం పెట్టే మాస్టారు.

డబ్బు అందుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. కొత్తగా తెచ్చుకోవాలంటే మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో తన కార్యక్రమాల మీద 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. ఊరి సంఘానికి అది భారం. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాలన్నీ న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే మొదట రావాలి, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు, ఒక సంస్థ తీసుకున్నది ఇంకో సంస్థకు మళ్లించకూడదు. ఈ చివరిదే ముఖ్యం. "విశాఖలో రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థకు పంపి, అక్కడి నుంచి మన ఊరి సంఘానికి ఇప్పిద్దాం" అన్న పాత పద్ధతి ఇప్పుడు నేరం. ఆ పెద్ద సంస్థే బడిలో పని చేయించి, బిల్లులు తన పేర కట్టాలి. మరుగుదొడ్లు కట్టించడమైతే కాంట్రాక్టరుతో ఒప్పందం దాని పేరే, బిల్లు దాని పేరే, సామాను రిజిస్టరు దానిదే. వార్షిక రిటర్ను ఎఫ్‌సీ-4 డిసెంబరు 31 లోపు వేసిందో లేదో ప్రతి ఏడూ మీరు నకలు అడిగి చూసుకోండి.

అమెరికా వైపు మీ బోర్డు కూడా ఊరికే గొట్టంలా డబ్బు దాటించకూడదు. ఏ పనికి, ఎంత, ఎప్పటిలోగా అన్నది ఒప్పందంలో రాసి, ఫొటోలు, బిల్లులు తెప్పించుకుని, నచ్చకపోతే రెండో విడత ఆపే హక్కు బోర్డు దగ్గర ఉంచుకోవాలి.

గోదారి_ప్లీడర్

లైబ్రరీ బోర్డు గురించి క్లుప్తంగా. వర్జీనియాలో ముగ్గురు సభ్యులు కూడి బోర్డు పని మాట్లాడుకుంటే చట్టం దృష్టిలో అది సమావేశమే, ప్రజలకు ముందు నోటీసు ఇవ్వాలి. బోర్డు వాట్సాప్ గ్రూపు పెట్టకండి. మీ ఫర్మ్ క్లయింట్‌కు సంబంధించిన అంశం వస్తే ఓటు వేయకుండా కూర్చోవడం చాలదు. కారణం చెప్పి, గదిలోంచి బయటికి వెళ్లి, వెళ్లిన సమయం మినిట్స్‌లో ఎక్కించాలి.

లాయర్ బోర్డులో ఉంటే మిగతావాళ్లు ప్రతిదానికీ "మీరేమంటారు" అని అడుగుతారు. అక్కడ మీరు సభ్యులు మాత్రమే, బోర్డు లాయర్ కారు. అది మొదటి సమావేశంలోనే చెప్పండి. చారిటీలోనూ అంతే. న్యాయసలహా కూడా మీరే ఇవ్వాల్సి వస్తే విడిగా, లాయర్‌గా పెట్టుకున్నట్టు ఎంగేజ్‌మెంట్ లెటర్ రాసుకోండి, లేకపోతే లాయర్-క్లయింట్ గోప్యత నిలబడదు. మీ మాల్‌ప్రాక్టీస్ పాలసీ (వృత్తి తప్పులకు బీమా) బోర్డు సభ్యుడిగా చేసిన పనికి సాధారణంగా వర్తించదు. సంస్థ పేర డైరెక్టర్ల బీమా ఉండాలి. 1997 నాటి వాలంటీర్ రక్షణ చట్టం జీతం లేని సభ్యుణ్ణి మామూలు నిర్లక్ష్యం నుంచి కాపాడుతుంది గానీ సంస్థను కాపాడదు, కారు ప్రమాదాలకు వర్తించదు.

యూనిఫాం, హోదా విషయం: చారిటీ కరపత్రంలో "లెఫ్టినెంట్, యూఎస్ నేవీ రిజర్వ్" అని రాసుకోవచ్చు, నేవీ ఆ సంస్థను సమర్థిస్తున్నట్టు మాత్రం అనిపించకూడదు. విరాళాల విందుకు యూనిఫాంలో వెళ్లకండి. యూనిట్‌లో మీ కింద పనిచేసేవాళ్లను డబ్బు అడగకండి. మున్ముందు ఎన్నికైన పదవికి పోతే, 270 రోజులకు మించిన యాక్టివ్ డ్యూటీ ఆర్డర్లు వచ్చినప్పుడు ఆ పదవిలో కొనసాగడం మీద టైటిల్ 10లోని సెక్షన్ 973 ఆంక్షలు ఉన్నాయి.

ప్రొబోనో (పేదలకు ఉచితంగా చేసే న్యాయసేవ) గంటలు వీటితో కలపకండి. అమెరికన్ బార్ నమూనా నియమం ఏడాదికి 50 గంటలు అంటుంది, వర్జీనియా నియమం వృత్తి సమయంలో 2 శాతం. లైబ్రరీ బోర్డులో కూర్చున్న గంటలు పేదవాళ్ల కేసులు వాదించిన గంటలకు సమానం కావు.

వంశధార

అందరికీ ధన్యవాదాలు. తుంగభద్ర గారూ, ఓసీఐ సంగతి నాకు తట్టనేలేదు. ముందు కాన్సులేట్‌కు రాస్తాను, ఆ జవాబు వచ్చాకే నేవీ దరఖాస్తు. చారిటీ ఈలోగా మొదలుపెట్టవచ్చా?

తుంగభద్ర

మొదలుపెట్టవచ్చండి. నేవీతో దానికి సంబంధం లేదు. కాకపోతే ఇండియా వైపు సంతకాల అధికారం, పదవి ఏదీ మీ పేర పెట్టుకోకండి, అక్కడి సంస్థ బోర్డులో చేరకండి. ఎస్‌ఎఫ్-86లో విదేశీ సంస్థల పదవులు కూడా రాయాలి, దాన్ని చిన్నగా ఉంచుకోవడం మేలు.

డాల్ఫిన్_నోస్

విశాఖ నుంచి. ఇక్కడ తూర్పు నౌకాదళం ముఖ్యస్థావరం ఉంది, ప్రాక్టీసు చేసే లాయర్‌కు మన నేవీలో ఇలాంటి పార్ట్‌టైం దారి ఉందా? లేకపోతే నావికుల కుటుంబాలకు ఏం చేయవచ్చు?

గోదారి_ప్లీడర్

నేవీలో లాయర్ల ప్రవేశం ఎగ్జిక్యూటివ్ శాఖ లా కేడర్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్, శిక్షణ కేరళలోని ఎళిమలలో. అది పూర్తికాలపు ఉద్యోగం. బార్ కౌన్సిల్ నియమం 49 ప్రకారం పూర్తికాలం జీతగాడు వకీలుగా ప్రాక్టీసు చేయలేడు, సనదు (ప్రాక్టీసు లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాలి. ప్రాక్టీసు ఉంచుకుని చేరగలిగేది టెరిటోరియల్ ఆర్మీ. సొంత సంపాదన ఉన్న 18 నుంచి 42 ఏళ్ల డిగ్రీ ఉన్నవారు ఆఫీసర్లుగా దరఖాస్తు చేయవచ్చు.

కుటుంబాలకు సాయం చేయాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌లో చేరండి. మామూలుగా మూడేళ్ల అనుభవం అడుగుతారు. 1987 చట్టం సెక్షన్ 12 కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, కాబట్టి నావికుల భార్యలు, వితంతువులు నేరుగా వస్తారు. ప్యానెల్ లాయర్ క్లయింట్ దగ్గర పైసా తీసుకోకూడదు, టైపింగ్ ఖర్చుల పేరుతోనైనా సరే.

మీ దగ్గరికి వచ్చేవాటిలో వైకల్య పెన్షన్, కుటుంబ పెన్షన్ కేసులు ఎక్కువ ఉంటాయి. అవి సివిల్ కోర్టుకు కాదు, 2007 చట్టం కింద సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు పోవాలి. తుది ఉత్తర్వు వచ్చాక ఆరు నెలల గడువు. గడువు దాటిందని పెన్షన్ కేసు వదిలేయకండి. తార్సెం సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పినట్టు పెన్షన్ నెలనెలా కొనసాగే హక్కు, ఆలస్యమైనా వినవచ్చు. బకాయిలు మాత్రం మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం. అందుకని కాగితాలన్నీ దొరికేదాకా ఆగకుండా, పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, డిశ్చార్జి పుస్తకం, మెడికల్ బోర్డు నివేదిక, ఈ మూడింటితో ముందు దాఖలు చేయండి. మిగతావి తర్వాత జతచేయవచ్చు. మెడికల్ బోర్డు నివేదిక నకలు కుటుంబం దగ్గర లేకపోతే అడగాల్సింది నావికుల రికార్డులు చూసే ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌ను. ఉత్తరంలో సర్వీసు నంబరు, డిశ్చార్జి తేదీ తప్పకుండా రాయించండి.